వెనక సీట్లోని కళ్లు

1943 జనవరి 14న కలకత్తా శివార్లలోని డమ్‌డమ్ విమానాశ్రయంలో కొన్ని బ్యూఫైటర్ విమానాలు దిగాయి. అవి మధ్యప్రాచ్యం నుంచి వచ్చాయి. మర్నాటి రాత్రే వాటిలో ఒకటి నాలుగు నిమిషాల్లో మూడు జపాను బాంబర్లను కూల్చింది. ఇంకో నాలుగు రాత్రులకు మరొకటి, తన ఇంజను తగలబడుతుండగానే, రెంటిని పడగొట్టింది. ఆ రెండు రాత్రుల తర్వాత కలకత్తా మీదికి చీకట్లో బాంబర్లు రావడం దాదాపు ఆగిపోయింది. ఈ పని చేసిన దళం పేరు బ్రిటిష్ వాయుసేన 176వ స్క్వాడ్రన్. 89వ స్క్వాడ్రన్ నుంచి విడదీసిన చిన్న ముక్కతో ఆ జనవరిలోనే పుట్టింది. 1946లో రద్దయింది. మూడున్నరేళ్లయినా నిండని ఆయుష్షులో అది ఏ పని కోసం పుట్టిందో ఆ పనంతా మొదటి వారంలోనే తీరిపోయింది.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా పైలట్ పేరుతో మొదలుపెడతారు. ఫ్లైట్ సార్జెంట్ ఆర్థర్ ప్రింగ్, నాలుగు నిమిషాలు, మూడు విమానాలు. ఆ పరాక్రమానికి ఆయనకు పతకమూ వచ్చింది. ఆయన ధైర్యాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ నాలుగు నిమిషాలను విప్పి, ఒక్కో క్షణంలో ఎవరు ఏం చేసి ఉండాలో పరిశీలిస్తే, పనితనంలో పెద్ద వాటా వెనక సీట్లో కూర్చున్న మనిషిది అనిపిస్తుంది. ఆయన వారంట్ ఆఫీసర్ ఫిలిప్స్. శత్రువును చూడకుండానే శత్రువు దగ్గరికి తీసుకువెళ్లడం ఆయన వృత్తి. ఆ వృత్తిని దగ్గరగా చూడటానికే ఈ వ్యాసం.

పర్చూరులో కూర్చుని కలకత్తా సంగతి ఎందుకంటే, ఆ యుద్ధం జరిగింది మన సముద్రం మీద. మన మిర్చి చేల గట్ల మీద నిలబడితే బంగాళాఖాతం కనపడదు గానీ, చీరాల దాటితే అలల చప్పుడే. 1942 ఏప్రిల్ 6న ఇదే తీరంలో ఉత్తరంగా విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. అడ్మిరల్ జిసాబురో ఒజావా నడిపిన నౌకాదళంలోని ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి అవి వచ్చాయి. అంతకు ముందు రోజే కొలంబో మీద దాడి జరిగింది. ఆ కొద్ది రోజుల్లో బంగాళాఖాతంలో సరుకు ఓడలు ఒకదాని వెంట ఒకటి మునిగాయి. విశాఖలో సింధియా వాళ్ల నౌకా కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఊరు ఊరంతా మూటాముల్లె కట్టుకుని లోపలి పల్లెలకు నడిచింది. మద్రాసు సగం ఖాళీ అయింది. ఆ రోజు విశాఖ ఆకాశంలో బాంబర్లకు ఎదురు నిలిచిన ఫైటరు లేదు. అప్పుడు పడి పేలని జపాను బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటారు.

అంతకన్నా ముందు రంగూన్. 1941 డిసెంబర్ 23న, మళ్లీ క్రిస్మస్ రోజున రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఆ రేవులో బస్తాలు మోసిన చేతుల్లో ఎక్కువ భాగం తెలుగు చేతులే. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఓడెక్కి వెళ్లిన కూలీలు వాళ్లు. బర్మా చేజారాక వాళ్లలో ఎందరో అడవుల గుండా, కొండల గుండా కాలినడకన ఇండియా దారి పట్టారు. కొందరు చేరారు, కొందరు దారిలోనే పోయారు. ఆకాశం నుంచి వచ్చే దెబ్బకు కాపు లేకపోతే రేవు పట్టణం ఏమవుతుందో తెలుగువాళ్లకు పత్రికలు చెప్పనక్కర్లేదు. ఇంటికి తిరిగొచ్చినవాళ్లే చెప్పారు.

1942 డిసెంబర్ 20 రాత్రి కలకత్తా వంతు వచ్చింది. ఆ నెలాఖరు దాకా కొద్ది కొద్ది విమానాలు, వెన్నెల చూసుకుని, చాలా ఎత్తున వచ్చి బాంబులు వేసి పోయాయి. భవనాలకు జరిగిన నష్టం పెద్దది కాదు. భయం మాత్రం పెద్దది. లక్షల మంది నగరం వదిలి పోయారు. రైళ్లు కిటకిటలాడాయి, పాకీ పనివాళ్లు వెళ్లిపోవడంతో వీధుల్లో చెత్త పేరుకుంది. కొత్త హౌరా వంతెన ఇంకా వాడకంలోకి కూడా రాలేదు. రేవు, రైలు, జనపనార మిల్లులు, బర్మా సరిహద్దుకు పోయే సరుకంతా ఈ ఒక్క నగరం మీదుగానే. నగరంలో హరికేన్ ఫైటర్లు ఉన్నాయి గానీ చీకట్లో అవి గుడ్డివి. పగలు మూడొందల మైళ్ల వేగంతో ఎగిరే పైలట్, రాత్రి పక్కనే పోతున్న బాంబరును కూడా కనిపెట్టలేక తిరిగి వచ్చేవాడు.

చీకటి అనే మాటను మనం తేలిగ్గా వాడతాం. నేల మీద చీకటిలో ఎక్కడో ఒక దీపం ఉంటుంది, గట్టు ఉంటుంది, చెట్టు నీడ ఉంటుంది. పదిహేను వేల అడుగుల ఎత్తున, బ్లాకవుట్ చేసిన నగరం మీద, పట్టుకోవడానికి ఏ ఆనవాలూ ఉండదు. పైగా వెతుకుతున్న వస్తువు గంటకు రెండొందల మైళ్లకు పైగా పరుగెడుతూ ఉంటుంది. 1940 చలికాలంలో లండన్ ఈ సమస్యతోనే రాత్రింబగళ్లు నలిగింది. అక్కడ పుట్టిన జవాబే రెండేళ్లకు డమ్‌డమ్ చేరింది.

ఆ జవాబులో సగం విమానం. బ్రిస్టల్ కంపెనీ ఇంజనీరు లెస్లీ ఫ్రైజ్ బృందం బ్యూఫైటర్‌ను అవసరం తరుముతుంటే తయారు చేసింది. కొత్తగా అన్నీ గీసుకుంటూ కూర్చునే తీరిక లేదు. అప్పటికే తమ దగ్గరున్న బ్యూఫోర్ట్ అనే టార్పెడో బాంబరు రెక్కలు, తోక, చక్రాల అమరిక తీసుకుని, మధ్యలో కొత్త ఒళ్లు పెట్టారు. 1939 జులై 17న మొదటిసారి ఎగిరింది. చూడటానికి అందమైనది కాదు. రెండు పెద్ద ఇంజన్లు ముక్కు కన్నా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. మొద్దుగా, బరువుగా, తలవంచి కుమ్మడానికి వస్తున్నట్టు ఉంటుంది. నాకు మాత్రం ఆ మొద్దుతనంలోనే అందం కనిపిస్తుంది. ఒళ్లు లావుగా ఉండబట్టే రాడార్ పెట్టెలు పట్టాయి. వాటిని చూసే మనిషికి కూర్చునే చోటు దొరికింది. పొట్ట కింద నాలుగు 20 మిల్లీమీటర్ల హిస్పానో ఫిరంగులు ఇమిడాయి. ఆ లోహపు ఒంటికి తోక చుక్కాని మాత్రం గుడ్డతో కప్పినదే. లోహపు చట్రం మీద బిగించి, వార్నిషులాంటి పూత పూసి డప్పులా బిగువెక్కించిన నేత గుడ్డ. పత్తి పండించే ఊళ్లో, నేతకు పేరుపడ్డ చీరాల పక్కన ఉన్నవాళ్లం కదా, నాకు ఈ వివరం చెప్పకుండా దాటబుద్ధి కాదు.

ఒక్కో ఫిరంగి సెకనుకు సుమారు పది గుళ్లు కక్కుతుంది. నాలుగూ కలిస్తే నలభై. తూకం వేస్తే సెకనుకు అయిదు కిలోల పైచిలుకు ఇనుము, పేలుడు మందు. రాత్రి పోరులో ఇది చాలా ముఖ్యం. పగటి పైలట్‌కు గురి తప్పితే చుట్టు తిరిగి రెండోసారి రావచ్చు. రాత్రి పైలట్‌కు శత్రువు ఒక్కసారి, కొన్ని క్షణాలు కనపడతాడు. ఆ క్షణాల్లోనే పని ముగియాలి. మొదటి రకాల్లో ఈ ఫిరంగులకు అరవై గుళ్ల డ్రమ్ములు ఉండేవి. అవి అయిపోతే వెనక సీటు మనిషే లేచి, ఊగిపోతున్న విమానంలో, చీకట్లో, కొత్త డ్రమ్ములు బిగించాలి. తర్వాత గొలుసులా అల్లిన బెల్టు వచ్చి ఆ చాకిరీ తప్పింది.

ఇంజను గురించి కొంచెం ఆగి చెప్పాలి. దాని పేరు హెర్క్యులిస్. పద్నాలుగు సిలిండర్లు, రెండు వరసల్లో పువ్వు రేకుల్లా. మామూలు ఇంజన్లలో గాలి లోపలికి, పొగ బయటికి పోవడానికి పైన వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. రాయ్ ఫెడెన్ అనే ఇంజనీరు పట్టుబట్టి వాటిని తీసేశాడు. పిస్టనుకూ సిలిండరుకూ మధ్య పలచని ఉక్కు గొట్టం ఒకటి పెట్టాడు. అది కిందికీ పైకీ జారుతూనే కాస్త మెలి తిరుగుతుంది. గొట్టానికి ఉన్న కిటికీలు సిలిండరు కిటికీలకు ఎదురైనప్పుడు దారి తెరుచుకుంటుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఆ పలచని గొట్టాన్ని ఖచ్చితమైన గుండ్రంగా, ఒకదాని బదులు ఇంకోటి వేసినా సరిపోయేలా వేలకొద్దీ తయారు చేయడానికి బ్రిస్టల్ కార్ఖానాకు ఏళ్లు పట్టింది. వెంట్రుకలో ఏ కొద్ది వంతు తేడా వచ్చినా గొట్టం పట్టేసి ఇంజను పగిలిపోయేది. అంత కష్టపడి సాధించిన ఇంజను పొగ గొట్టాలకు రాత్రి విమానాల్లో మంట బయటికి కనపడకుండా ప్రత్యేకమైన మూతలు తొడిగారు. చీకట్లో వేటాడేవాడు ముందు తాను కనపడకూడదు.

ఇక జవాబులో రెండో సగం, వెనక సీటు ముందున్న పెట్టె. ఏ.ఐ. మార్క్ 4 అనే రాడార్. ఇది సుమారు ఒకటిన్నర మీటరు పొడుగు రేడియో అలలతో పనిచేస్తుంది. విమానం ముక్కు మీద బాణం ఆకారంలో ఉన్న ఏరియల్ నుంచి చిన్న చిన్న తునకలుగా అల బయటికి పోతుంది. ఎదురుగా ఏదైనా విమానం ఉంటే తగిలి తిరిగొస్తుంది. కిలోమీటరు దూరం పోయి రావడానికి ఆ అలకు పట్టే సమయం సెకనులో లక్షా యాభై వేలవ వంతు. ఆ సమయాన్ని కొలిస్తే దూరం తెలుస్తుంది. దిక్కు తెలియడానికి రెక్కల మీద వేరే ఏరియళ్లు ఉన్నాయి: ఎడమ ఒకటి, కుడి ఒకటి, రెక్క పైన ఒకటి, కింద ఒకటి. ఏ పక్క ఏరియల్‌కు ప్రతిధ్వని గట్టిగా వినపడితే శత్రువు ఆ పక్క ఉన్నట్టు.

వెనక మనిషి ముందు రెండు చిన్న గాజు తెరలు. ఒకదానిలో నిలువు గీత, దానికి ఎడమా కుడీ పక్కలకు మొలకలాంటి వెలుగు. రెండోదానిలో అడ్డ గీత, దాని పైనా కిందా వెలుగు. ఎడమ మొలక కుడి మొలక కన్నా కాస్త పొడుగుంటే శత్రువు ఎడమవైపు. ఎంత ఎడమ? తెర చెప్పదు. రెండు మొలకల పొడుగులో తేడాను కంటితో తూచి ఆయనే నిర్ణయించాలి. మళ్లీ ఆ తేడా శత్రువు తిరగడం వల్ల వచ్చిందా, తన విమానమే ఒరగడం వల్ల వచ్చిందా? అదీ ఆయనే తేల్చుకోవాలి. డిగ్రీలు లేవు, అంకెలు లేవు, బాణం గుర్తులు లేవు. ఆకుపచ్చ వెలుగులో వణికే రెండు చీలికల నుంచి ముందున్న మూడు కొలతల ఆకాశాన్ని మనసులో కట్టుకోవడమే పని.

ఈ పెట్టెకు రెండు హద్దులుండేవి. అల ముందుకే కాదు, కిందికీ పోతుంది. నేల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని చాలా బలమైనది. విమానం ఎంత ఎత్తున ఉంటే అంత దూరం దగ్గర అది తెర మీద గుబురుగా పరుచుకుని, ఆ అవతలి సంగతి మొత్తం మింగేస్తుంది. పదిహేను వేల అడుగుల ఎత్తున ఎగిరితే చూపు పదిహేను వేల అడుగుల దాకానే, అంటే నాలుగున్నర కిలోమీటర్లు. పదివేల అడుగులకు దిగితే మూడు కిలోమీటర్లు. ఇక దగ్గరి హద్దు సుమారు నాలుగు వందల అడుగులు. అల పంపుతున్నంతసేపూ రిసీవరుకు ప్రతిధ్వని వినపడదు. శత్రువు మరీ దగ్గరైతే అల పూర్తిగా బయలుదేరకముందే జవాబు తిరిగొచ్చి, వినేవాడు లేక పోతుంది. తొలి రాడార్లలో ఈ దగ్గరి హద్దు ఎక్కువగా ఉండేది. తెర మీద శత్రువు మాయమయ్యే చోటికీ పైలట్ కంటికి శత్రువు కనపడే చోటికీ మధ్య ఒక గుడ్డి జాగా మిగిలేది. ఎందరో పైలట్లు అక్కడే వేటను పోగొట్టుకున్నారు. ఈఎంఐ కంపెనీలో అలన్ బ్లమ్‌లైన్ బృందం అలను పదునుగా, పొట్టిగా తెగ్గొట్టే సర్క్యూట్ తయారు చేసి ఆ జాగాను పూడ్చింది. రెండు స్పీకర్లతో స్టీరియో ధ్వని వినిపించే పద్ధతికి 1931లోనే పేటెంట్ కోరిన మనిషే ఈ బ్లమ్‌లైన్. 1942 జూన్‌లో మరో రాడార్‌ను పరీక్షిస్తూ విమాన ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

దూరపు హద్దు నాలుగున్నర కిలోమీటర్లే కాబట్టి నేల మీది రాడార్ తోడు కావాలి. అక్కడ కంట్రోలరు ఒక గుండ్రని తెర మీద శత్రువునూ తన ఫైటరునూ రెండు చుక్కలుగా చూస్తూ, రేడియోలో పైలట్‌కు దారి చెప్పి, శత్రువు వెనకకు కొద్ది మైళ్లలోకి చేరుస్తాడు. అక్కడి నుంచి పగ్గాలు వెనక సీటుకు. వెనక సీటు మనిషి కొన్ని వందల అడుగుల్లోకి చేరుస్తాడు. అక్కడి నుంచి పైలట్ కళ్లకు. ముగ్గురూ ఒకరి చేతిలోంచి ఒకరు పని అందుకోవాలి. ఎక్కడ జారినా ఆ రాత్రికి అంతే.

ఇందులో నన్ను అన్నిటికన్నా కదిలించే విషయం కళ్ల పంపకం. చీకటికి మనిషి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది. ఒక్క ప్రకాశమైన దీపం చూస్తే ఆ అరగంటా వృథా. అందుకని పైలట్ ఎగరక ముందు నుంచీ మసక వెలుగులో ఉండి తన చూపును కాపాడుకుంటాడు. వెనక మనిషి మాత్రం రబ్బరు ముసుగులో తల పెట్టి ఆకుపచ్చ తెరలను చూస్తూనే ఉండాలి. ఆయన తల ఎత్తినా బయట ఏమీ కనపడదు. అంటే తన కళ్లను తెరకు ఇచ్చేసి, పైలట్ కళ్లను చీకటి కోసం మిగల్చడం. గుంటూరు మిర్చి యార్డులో లోడు లారీని బస్తాల నిట్టుల మధ్యకు వెనక్కి తీసేటప్పుడు క్లీనరు వెనక నిలబడి మాటలతోనే నడిపిస్తాడు. డ్రైవరుకు వెనక ఏమీ కనపడదు. ఆ గొంతులో తొందర ఉందా, నిదానం ఉందా అన్నదే ఆయనకు గుర్తు. బ్యూఫైటర్‌లో జరిగేదీ ఆ మాటల పనే. ఎడమకు, ఇంకాస్త ఎడమకు, సరి, కొంచెం పైకి, వేగం తగ్గించు. తేడా ఏమిటంటే ఇక్కడ లారీ గంటకు మూడొందల మైళ్ల వేగంతో పోతోంది, గోడ కూడా పరుగెడుతోంది.

వేగం తగ్గించు అన్న మాటలోనే అసలు నేర్పు ఉంది. ఫైటరు వేగం ఎక్కువ. శత్రువు కనపడే సమయానికి ఆ వేగం మిగిలి ఉంటే తుపాకీ పేల్చేలోపే దాటిపోతుంది, లేదా గుద్దుకుంటుంది. మరీ ముందే తగ్గిస్తే శత్రువు జారిపోతాడు. తెర మీద మొలక గీత వెంబడి ఎంత త్వరగా కిందికి జారుతోందో చూసి, ఆ జారుడు వేగాన్ని మనసులో లెక్క కట్టి, పైలట్‌కు సరైన క్షణంలో చెప్పాలి. ఆఖరున బాంబరుకు కొంచెం కిందగా, వెనకగా, దాదాపు సమాన వేగంతో చేరాలి. కింద నుంచి చూస్తే ఆకాశం మీద బాంబరు నల్లని ఆకారం కనపడుతుంది. పై నుంచి చూసేవాడికి నేల చీకట్లో ఫైటరు కలిసిపోతుంది.

1940 నవంబర్‌లో ఇంగ్లండులో పైలట్ జాన్ కన్నింగ్‌హామ్ బ్యూఫైటర్‌తో తొలి విజయం సాధించినప్పుడు ఈ రాడార్ సంగతి బయటికి పొక్కకుండా, ఆయన క్యారెట్లు ఎక్కువగా తినడం వల్ల పిల్లి చూపు వచ్చిందని పత్రికల్లో ప్రచారం చేశారు. లోకం నమ్మింది. కన్నింగ్‌హామ్‌తో ఎక్కువ కాలం ఎగిరిన జిమ్మీ రాన్స్‌లీ పేరు మాత్రం యుద్ధం ముగిసేదాకా అంతగా ఎవరికీ తెలియలేదు. రహస్యం కాపాడటానికి వెనక సీటు మనిషిని దాచిపెట్టాల్సి వచ్చింది. అలా మరుగున పడిన వెలుగు తర్వాత కూడా పూర్తిగా బయటికి రాలేదు.

ఇప్పుడు 1943 జనవరి 15 రాత్రికి వద్దాం. కలకత్తా మీదికి వచ్చినవి మిత్సుబిషి కంపెనీ తయారు చేసిన కి-21 రకం బాంబర్లు. రెండు ఇంజన్లు, గుంపుగా ఎగరడం అలవాటు. ప్రింగ్, ఫిలిప్స్ వాటి వెనక చేరారు. నాలుగు నిమిషాల్లో మూడు. ఒక చిన్న లెక్క వేయండి. శత్రువు కన్నా గంటకు ముప్పై మైళ్లు ఎక్కువ వేగంతో మూడు కిలోమీటర్ల దూరం తగ్గించడానికే నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే ఒకదాన్ని కూల్చి, మళ్లీ మొదటి నుంచి వెతికే వ్యవధి వాళ్లకు లేదు. ఒకటి మండుతూ పడిపోతున్నప్పుడే రెండోది ఫిలిప్స్ తెర మీద ఉండి తీరాలి. నాలుగు ఫిరంగులు పేలిన మెరుపుకు, ఎదుటి విమానం మంటకు ప్రింగ్ చీకటి చూపు కాసేపు దెబ్బతిని ఉంటుంది. ఆ కాసేపూ విమానానికి ఉన్న కళ్లు వెనక సీటువే. పైగా గుంపులోని విమానాలు చెదిరిపోతున్నప్పుడు తెర మీద ఒకటి కాదు, రెండు మూడు మొలకలు కలగాపులగంగా ఆడుతుంటాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, ఇది వదలకు అని మనసుకు చెప్పుకుని, మాటలు తడబడకుండా దారి చెప్పడం. నా దృష్టిలో ఆ రాత్రి పనితనానికి గుండెకాయ అదే.

జనవరి 19 రాత్రి పని ఇంకో రకం. పైలట్ ఆస్ట్రేలియావాడు చార్లెస్ క్రోంబీ, వెనక సీట్లో రేమండ్ మాస్. బాంబర్ల గుంపును అందుకున్నాక శత్రువు కాల్పులకు కుడి ఇంజను అంటుకుంది. మామూలుగా అయితే తిరిగి రావాలి, లేదా దూకేయాలి. క్రోంబీ మండుతున్న విమానంతోనే దాడి కొనసాగించి రెంటిని పడగొట్టాడు. తర్వాత మాస్‌ను దూకమని, ఆఖరున తాను దూకాడు. ఇద్దరూ బతికారు. మండుతున్న ఇంజను వెలుగులో తాను అందరికీ గురి అయిన ఫైటరుకు చీకటి రక్షణ పోయింది. ఆ స్థితిలోనూ వేట వదలకపోవడం అంటే ముందు సీటు, వెనక సీటు రెండూ నిబ్బరంగా ఉన్నట్టే.

వాళ్లు బతకడం వెనక విమానం తయారీదారుల ఆలోచన కూడా ఉంది. బ్యూఫైటర్‌లో పైలట్ పైనుంచి దూకడానికి లేదు. ముందు పెద్ద ఇంజన్లు, వాటి పంకాలు. అందుకని సీటు వెనక నేలలో తలుపు పెట్టారు. మీట లాగితే సీటు వీపు వెనక్కి పడిపోతుంది. పైలట్ తల మీదున్న కడ్డీలు పట్టుకుని, కాళ్లు వెనక్కి ఊపి, తలుపు గుండా జారిపోతాడు. ఆ తలుపు తెరుచుకున్నప్పుడు గాలికి అడ్డంగా నిలిచి, కింద కాస్త నిశ్చలమైన జాగా ఏర్పడేట్టు చేశారు. మూడొందల మైళ్ల గాలి మనిషిని లాగి విమానం ఒంటికేసి కొట్టకుండా. ఏదో ఒక రాత్రి, మంటల్లో, ఒకే ఒక్కసారి ఉపయోగపడే తలుపు గురించి అంత శ్రద్ధగా ఆలోచించినవాళ్లు బల్ల ముందు కూర్చున్న మామూలు డ్రాఫ్ట్‌స్‌మెన్. వాళ్ల పేర్లు ఎక్కడా దొరకవు.

దొరకని పేర్లు ఇంకా ఉన్నాయి. తూర్పు భారతంలో అప్పుడు వేసిన విమాన క్షేత్రాలకు రాళ్లు కొట్టింది, మట్టి తట్టలు మోసింది మన దేశపు కూలీలు, అందులో ఆడవాళ్లు చాలామంది. రన్‌వే చదునుగా లేకపోతే రాడార్ పెట్టెలోని గాజు వాల్వులు దిగే కుదుపుకు పగులుతాయి. బెంగాల్ తేమకు సర్క్యూట్లలో బూజు పడుతుంది. పగలంతా ఎండలో లోహం చేతికి అంటుకునేంత కాలుతుంది. ఆ వేడిలోనే ఫిట్టర్లు రాత్రికి విమానాన్ని సిద్ధం చేయాలి. కలకత్తా బాంబుల నుంచి బయటపడిన ఏడాదిలోనే బెంగాల్ కరువు లక్షల ప్రాణాలు తీసింది. డమ్‌డమ్ నుంచి ఎగిరిన వాళ్ల పనితనాన్ని మెచ్చుకుంటున్నప్పుడు, అదే నేల మీద అదే ప్రభుత్వం అన్నం పెట్టలేకపోయిన సంగతి నేను పక్కన పెట్టలేను. ఆకాశం మీద వేసిన ప్రతి లెక్కలో ఉన్న శ్రద్ధ, ధాన్యపు లెక్కల్లో లేకపోయింది.

జపానువాళ్లు రాత్రి దాడులు దాదాపు మానేశారు. 176వ స్క్వాడ్రన్ 1943లో బైగాచీ విమాన క్షేత్రానికి మారింది. ఆ ఏడాదే దానికి రాడార్ అమర్చిన కొన్ని హరికేన్లు కూడా ఇచ్చారు. వాటిలో వెనక సీటు లేదు. ఏ.ఐ. మార్క్ 6 అనే పెట్టెను పైలటే చూసుకోవాలి, పైలటే విమానం నడపాలి, పైలటే కాల్చాలి. కాగితం మీద పొదుపైన ఆలోచన. నా అభిప్రాయంలో, జనవరిలో ఆ దళం నేర్పిన పాఠానికి పూర్తిగా ఎదురు ఆలోచన. రెండు జతల కళ్లు పంచుకున్న పనిని ఒక జతకు అప్పగించారు. డిసెంబర్ 5న జపాను విమానాలు పట్టపగలే, ఫైటర్ల రక్షణతో కలకత్తా రేవుల మీదికి వచ్చాయి. కిదర్‌పూర్ రేవులో కూలీలు వందల సంఖ్యలో దెబ్బతిన్నారు. రాత్రి పోరుకు ఉద్దేశించిన ఈ దళాన్ని కూడా ఆ రోజు పగటి పోరుకు పంపారు. హరికేన్‌లో వెళ్లిన ఆర్థర్ ప్రింగ్ తిరిగి రాలేదు. నాలుగు నిమిషాల రాత్రికీ ఆ పగటికీ మధ్య పదకొండు నెలలు కూడా లేవు. క్రోంబీ యుద్ధం దాటి బతికాడు గానీ 1945 ఆగస్టులో ఆస్ట్రేలియాలో విమాన ప్రమాదంలో పోయాడు.

ఇక ఇప్పటి సంగతికి వస్తే, మన కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద నాలుగు కిలోమీటర్ల పొడుగున విమానాలు దిగడానికి వీలుగా కాంక్రీటు పరిచారు. 2024 మార్చి 18న అక్కడ ఏఎన్-32, డార్నియర్ విమానాలు దిగాయి. సుఖోయ్-30లు తక్కువ ఎత్తున దూసుకుపోయాయి. పొలాల్లోంచి పరుగెత్తుకొచ్చి చూసిన జనం ఆ వేగానికి, ఆ చప్పుడుకు ముగ్ధులయ్యారు. సుఖోయ్-30లోనూ రెండు సీట్లు. తెరలు రంగుల్లో ఉన్నాయి, అంకెలు కనపడతాయి, లెక్కలు కంప్యూటరు వేస్తుంది. అయినా సెన్సర్లనూ ఆయుధాలనూ చూసుకోవడానికి వెనక ఒక మనిషి ఇప్పటికీ కూర్చునే ఉన్నాడు.

మళ్లీ పాత కథకు వస్తే, 176వ దళానికి ఆఖరున, 1945లో, మస్కిటో విమానాలు వచ్చాయి. చెక్కతో చేసినవి. అంతకు ముందు ఏడాది ఇండియాలో ఆ రకం విమానాల రెక్కలు ఎగురుతుండగానే విడిపోయాయి. మన ఎండకూ తేమకూ జిగురు ఊడిందని మొదట అనుకున్నారు. తర్వాత పరిశీలిస్తే, తయారీలోనే కొన్ని అతుకులు సరిగ్గా కలవలేదని తేలింది. చెక్కకు చెక్క ఎక్కడ ఆనాలో అక్కడ ఆనకుండా, మధ్య సందును జిగురుతో నింపిన పని. వడ్రంగం తెలిసిన ఏ ఊరి మనిషికైనా అర్థమయ్యే తప్పు అది. దాన్ని సరిదిద్దాకే విమానాలు మళ్లీ నమ్మకంగా ఎగిరాయి. ఈ మస్కిటోలో రాడార్ మనిషి సీటు విమానం నడుములో కాదు, పైలట్ కుడి పక్కనే, భుజానికి భుజం ఆనేంత దగ్గరలో. చేత్తో తట్టి చెప్పవచ్చు. కానీ అప్పటికి బర్మా యుద్ధం తీరిపోతోంది. ఆ సీట్లో కూర్చుని కలకత్తా మీద బాంబరును వెతకాల్సిన రాత్రి ఆ దళానికి మళ్లీ రాలేదు. 1946లో దళాన్ని రద్దు చేశారు.